అతుకుల బొంతే... అయితేనేం!

నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే ‘అతుకుల బొంత’ అంటాం. నాలుగు పాత సినిమాల్లోంచి సీన్లు ఏరి తెచ్చి కొత్త సినిమా తీసినా అదే మాట. ఇంతకీ ఆ బొంత చేసిన నేరమేమిటో ఎవరూ చెప్పరు. చిరిగిన చీరలు, నలిగిన పంచెలు, పిల్లలకు పొట్టయిపోయిన లంగాలు... దేన్నీ పారేయకుండా పొరలు పొరలుగా పరిచి, పెద్ద సూదితో బారుగా కుట్లు వేసి, చలికాలానికి ఓ వెచ్చటి పక్క తయారుచేస్తుంది ఇంట్లోని పెద్దావిడ. మెత్తగా ఉంటుందని పసిబిడ్డను పడుకోబెట్టేది దానిమీదే. అయినా ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ముందుగా మంచం కిందికి తోసేసేదీ దాన్నే!

అమెరికాలో ఓ పల్లెటూరు ఉంది. అక్కడి ఆడవాళ్లకూ తాము కుట్టే బొంతల మీద చాలాకాలం ఇంచుమించు ఇదే అభిప్రాయం. వాళ్లలో ఒకావిడైతే దోమలు పోవడానికి పొగ వేస్తూ కొన్ని పాత బొంతల్ని తగలబెట్టేసింది కూడా. అలాంటి బొంతలే ఇవాళ వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్నాయి. తపాలా బిళ్లల మీదికీ ఎక్కాయి. వాటిని కుట్టిన తల్లులు ఆర్ట్ స్కూలు మొహం చూసినవాళ్లు కాదు. అమ్మ పక్కన, నాయనమ్మ కాళ్ల దగ్గర, ఇరుగుపొరుగు నడుమ కూర్చుని నేర్చుకున్నవాళ్లు.

ఆ ఊరి పేరు జీస్ బెండ్.

నది మెలికలో...

అలబామా రాష్ట్రంలో అలబామా నది ఒకచోట గుర్రపు నాడాలా మెలిక తిరుగుతుంది. మూడు వైపులా నీళ్లు, నాలుగో వైపు ఒకే ఒక రోడ్డు. ఆ మెలికలో 1816లో జోసెఫ్ జీ అనే ఆసామి పత్తి సాగు మొదలుపెట్టాడు. ఊరికి ఆ పేరు అలా వచ్చింది. 1845లో అది మార్క్ పెట్‌వే చేతికి మారింది. ఆ మరుసటి ఏడాది అతను దాదాపు వందమంది నల్లజాతి బానిసల్ని నార్త్ కరోలినా నుంచి అక్కడికి నడిపించుకుంటూ తీసుకొచ్చాడు. 1865లో బానిసత్వం పోయింది కానీ యజమాని ఇంటిపేరు మాత్రం వాళ్లను వదల్లేదు. అందుకే ఈ కథలో చాలామంది ఇంటిపేరు పెట్‌వే అని కనిపిస్తే అచ్చుతప్పు అనుకోవద్దు!

స్వేచ్ఛ వచ్చినా భూమి రాలేదు. కౌలుకు పత్తి పండించడం, విత్తనాలకూ తిండికీ నది అవతలి క్యామ్‌డెన్ పట్నంలోని వ్యాపారి దగ్గర అప్పు చేయడం. 1932లో ఆ వ్యాపారి చనిపోయాక అతని కుటుంబం బాకీల కింద ఊరిమీద పడింది. నాగళ్లు, పశువులు, పందులు, కోళ్లు, దాచుకున్న మొక్కజొన్న, చిలగడదుంపలు... ఏదీ మిగల్చకుండా పట్టుకుపోయారు. ఆ చలికాలం ఊరు బతికిందంటే రెడ్‌క్రాస్ పంపిన తిండిగింజల వల్లే. తర్వాత కేంద్ర ప్రభుత్వం ఆ భూమిని కొని, ఇళ్లు కట్టించి, రుణాలిచ్చి జనానికే అమ్మింది. సొంత భూమి కాబట్టే ఎన్ని కష్టాలొచ్చినా చాలా కుటుంబాలు ఊరు వదిలిపోలేదు. తరాల తరబడి ఒకేచోట ఉన్నారు కాబట్టే ఒకరి చేతి పని ఇంకొకరి చేతికి అందింది.

ఆ ఇళ్లు రాకముందు అక్కడివి దుంగలతో కట్టిన గుడిసెలు. సందుల్లోంచి గాలి కొట్టకుండా లోపల గోడలకు న్యూస్‌పేపర్లు అంటించేవారు. నేలమీదా బొంతే, ఒంటిమీదా బొంతే. ఒకటి చాలదు, మనిషికి రెండుమూడైనా కావాలి. ఆడపిల్లకు వంట ఎలాగో బొంత కుట్టడమూ అలాగే... రాకపోతే గడవదు.

కొత్త గుడ్డ కొనే స్తోమత ఎవరికుంది? పొలం పనికి వేసుకుని మోకాళ్ల దగ్గర చివికిపోయిన డెనిమ్ ప్యాంట్లు, చొక్కాల వీపు భాగాలు, పిండి బస్తాలు, పంచదార సంచులు, ఎరువుల గోతాలు... ఏది దొరికితే అదే. లోపల పెట్టే పత్తి కూడా ఏరి తెచ్చుకున్నదే. జిన్నింగు మిల్లులో నేలమీద పడ్డ చెత్త పత్తిని ఊడ్చి తెచ్చి, కర్రలతో బాది దుమ్ము వదలగొట్టి పరిచేవారు.

చట్రం కింద బడి

అక్కడి బొంతకు మూడు పొరలు. పైన రంగురంగుల అతుకుల గుడ్డ, మధ్యలో పత్తి, అడుగున సాదా గుడ్డ. పని రెండు దశల్లో ఉంటుంది. మొదటిది గుడ్డముక్కల్ని కలిపి పైపొర తయారుచేయడం. ఇది ఎవరింట్లో వాళ్లు, రాత్రిపూట, పొయ్యి వెలుగులో ఒంటరిగా చేసుకునే పని. ఏ రంగు పక్కన ఏది వేయాలో ఆవిడ ఇష్టం. అత్తగారు కూడా వేలు పెట్టదు!

రెండోది మూడు పొరల్నీ కలిపి కుట్టడం. ఇది మాత్రం నలుగురి పని. చెక్క చట్రానికి బొంతను బిగించి చుట్టూ కూర్చుంటారు. ఇవాళ ఈవిడది, రేపు ఆవిడది. చేతులు కుడుతుంటే నోళ్లు ఊరుకోవు. కబుర్లు, మధ్యలో ఎవరో ఒకరు చర్చి పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకోవడం...

పిల్లల చదువు ఇక్కడే. చూపు మందగించిన ముసలమ్మలకు సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం ఒకటో తరగతి. ఆ పనైపోతే చట్రం కింద దూరి ఆడుకోవచ్చు. పైనుంచి సూది మొనలు దిగడం, మళ్లీ పైకెళ్లడం చూస్తూ చూస్తూనే కుట్టు ఎంత దూరంలో పడుతుందో తెలిసిపోతుంది. ఫలానా వయసులో నేర్పడం మొదలుపెట్టారని చెప్పడం కష్టం. తెలుగు ఇళ్లలో ముగ్గు వేయడం ఎవరు నేర్పారంటే ఏం చెబుతాం!

ఊళ్లో అందరికీ తెలిసిన నమూనా ‘హౌస్‌టాప్’. మధ్యలో చిన్న చతురస్రం, దాని చుట్టూ పీలికలు, వాటి చుట్టూ ఇంకా పీలికలు. పైనుంచి చూస్తే ఇంటి కప్పులా ఉంటుందని ఆ పేరు. బారు పీలికలు పక్కపక్కన కుట్టేస్తే ‘లేజీ గాళ్’... అంటే బద్ధకపు పిల్ల బొంత! ఇవేవీ కాకుండా తోచినట్టు కుట్టుకుపోతే దానికీ ఓ పేరుంది. ‘మై వే’... నా దారి. అసలు కిటుకంతా ఈ పేరులోనే ఉంది. పీలిక పొట్టిగా ఉంటే ఇంకో రంగు ముక్క కలిపేస్తారు. గీత వంకరపోతే తర్వాతి పీలికా ఆ వంకరతోపాటే నడుస్తుంది. మ్యూజియంలో ఉన్న బొంతల్ని చూసినా ఈ సంగతి కనిపిస్తుంది. అచ్చంగా నలుచదరంగా ఉన్నవి వెతికి పట్టుకోవాల్సిందే.

1935లో పుట్టిన మేరీ లీ బెండాల్ఫ్‌కు తల్లి ఏయోలార్ మోజ్‌లీయే గురువు. చిన్నపిల్లగా కుట్టిన మొదటి బొంతకు దాదాపు ఏడాది పట్టింది. చేతకాక కాదు, ముక్కలు దొరక్క! ఆరో తరగతితో చదువు ఆగిపోయినా సూది మాత్రం ఆగలేదు. డబ్బులొచ్చాక కూడా ఆమె కొత్త గుడ్డ కన్నా పాత బట్టకే ఓటేసేది. కట్టి విడిచిన బట్టలో ఆ మనిషి ప్రేమ ఉండిపోతుందని ఆమె నమ్మకం.

ఆ నమ్మకం ఆమె ఒక్కదానిదే కాదు. 1942లో మిజోరీ పెట్‌వే భర్త చనిపోయాడు. ఆయన పొలంలో వేసుకున్న ప్యాంట్లూ చొక్కాలూ అన్నీ తీసి, పెద్దకూతురు ఆర్లోంజియాను పక్కన కూర్చోబెట్టుకుని బొంత కుట్టింది. ఆయన్ను తలుచుకుంటూ దాన్నే కప్పుకుని పడుకోవాలని. నీలం, బూడిద, గోధుమ రంగు ముక్కలు... కొన్నిచోట్ల మోకాళ్ల దగ్గర వెలిసిన మచ్చలు అలాగే ఉన్నాయి. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న బొంతల్లో అదొకటి. ఆర్లోంజియాకు ఆ రోజు దొరికిన పాఠం కుట్టు గురించి మాత్రమే అనుకోలేం.

ఇష్టంలేని విద్య

ఇదంతా వింటే ఊళ్లో ఆడవాళ్లందరూ పాడుకుంటూ కుట్టుకుంటూ హాయిగా ఉన్నారనిపిస్తుంది. అది నిజం కాదు. లొరెట్టా పెట్‌వే కథ వేరు.

ఆమెకు కుట్టుపని అంటేనే పడదు. పొలం పని, పందుల మేత, అంగవైకల్యం ఉన్న సోదరుడి బాగోగులు... రాత్రికి ఇంటికొచ్చేసరికి ఒళ్లు హూనం. ఇంకా సూది పట్టమంటే ఎవరికైనా విసుగే. బొంతలు కుట్టుకో, ముందుముందు నీకు అవసరమొస్తాయని నాయనమ్మ ప్రిసీ చెబితే, నాకేం అవసరం రావని కొట్టిపారేసింది. పెళ్లయి, గాలి దూసుకొచ్చే ఓ పాత ఇంట్లో కాపురం పెట్టాక గానీ ముసలమ్మ మాట తలకెక్కలేదు. పిల్లలు చలికి వణుకుతున్నారు. సంసారం సుఖంగా లేదు. మిగిలినవాళ్ల చుట్టూ ఉన్నట్టు తన చట్రం చుట్టూ నలుగురు లేరు. ఎక్కువగా ఒంటరిగానే కుట్టుకుంది.

చిత్రమేమిటంటే ఆ ఊరి బొంతల్లో గొప్పవి ఏవంటే చాలామంది ముందు చూపించేది ఆమెవే. ముదురు రంగుల పనిబట్టలు, బారు గీతలు, ఎక్కడా అనవసరమైన ముక్క ఉండదు. తోడు ఉంటేనే మంచి పని వస్తుందన్న సూత్రానికి ఆమె చేతిపని ఒప్పుకోదు. అయితే ఒంటరిగా కుట్టడం బాగుందని ఆమె కూడా ఎప్పుడూ అనలేదు.

కొలబద్ద వచ్చింది

1965లో ఓటు హక్కు ఉద్యమం ఆ ప్రాంతాన్ని ఊపేసింది. మార్టిన్ లూథర్ కింగ్ జీస్ బెండ్ వచ్చి మాట్లాడాడు. ఓటరుగా పేరు నమోదు చేసుకున్నందుకు కూలి పోయినవాళ్లు, గూడు పోయినవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో ఎంతోమంది. అంతకుముందే, 1962లో నది దాటించే ఫెర్రీ ఆపేశారు. ఎదురుగా కనిపించే పట్నానికి వెళ్లాలంటే రోడ్డు చుట్టూ గంట ప్రయాణం.

ఆ ఏడాది చివర్లో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే మతగురువు ఆ దారిన వెళ్తూ ఓ ఇంటి ముందు తీగమీద ఆరేసిన బొంతలు చూసి ఆగాడు. ఒక్కోటి 10 డాలర్లకు కొని న్యూయార్క్‌లో వేలం వేయించాడు. 1966 మార్చిలో ఆడవాళ్లంతా కలిసి ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. ఎస్టెల్ విదర్‌స్పూన్ దాని పెద్ద దిక్కు. పెద్ద పెద్ద దుకాణాల నుంచి ఆర్డర్లు వచ్చాయి. జీవితంలో మొదటిసారి తన పేరుమీద డబ్బు చూసినవాళ్లున్నారు. సంఘం కొంత భూమి కొని, ఉద్యమంలో ఇళ్లు పోగొట్టుకున్న కుటుంబాలకు స్థలాలు కూడా ఇచ్చింది.

కానీ దుకాణానికి కావాల్సింది ‘మై వే’ కాదు. మొదటి బొంత ఎలా ఉందో నూరోదీ అలాగే ఉండాలి. కొలత ప్రకారం కత్తిరించాలి, కుట్లు సన్నగా పడాలి, మూలలు కలవాలి. పొయ్యి వెలుగులో ముక్కలు కలుపుకున్న చేతులకు ఇది కొత్త బడి. కొందరు నేర్చుకున్నారు. కొందరికి అది తమ పని అనిపించలేదు. ఎవరిది తప్పంటే చెప్పలేం. జీతం రాళ్లు కావాలంటే కొలబద్ద పట్టాలి. అదే చేత్తో ఇంటికెళ్లి తోచినట్టు కుట్టుకునే స్వేచ్ఛ ఎలాగూ ఉంది. చాలామంది చేసింది అదే!

1972లో సియర్స్ కంపెనీ కార్డురాయ్ దిండు గలీబుల ఆర్డరిచ్చింది. కత్తిరించగా మిగిలిన ముక్కలు ఇళ్లకు చేరాయి. గీతలు గీతలుగా, దళసరిగా ఉండే ఆ గుడ్డ మీద సన్నపని కుదరదు. పెద్ద పెద్ద ముక్కలుగానే కుట్టాలి. బంగారు పసుపు, ముదురు ఎరుపు, పాచి ఆకుపచ్చ... ఊరి బొంతలకు అప్పటిదాకా లేని కొత్త రంగులొచ్చాయి. కంపెనీకి కొలత ప్రకారం గలీబులు వెళ్లాయి, జీస్ బెండ్‌కు కొలతలేని కళ మిగిలింది. సంఘం మాత్రం మెల్లగా నీరసించి 2012లో మూతపడింది.

కట్టెల మోపు మీద దొరికింది

పొగ వేసిన ఆవిడ సంగతి చెప్పుకోవాలి. ఆవిడ పేరు ఆనీ మే యంగ్. చుట్టూ వెలిసిన డెనిమ్, నడిమధ్య ఎరుపూ పసుపూ కార్డురాయ్ పీలికలతో 1976లో ఓ బొంత కుట్టింది. కట్టెల మోపు మీద వేసి ఉన్న ఆ బొంత ఫొటో ఒకటి పుస్తకంలో అచ్చయింది. విలియమ్ ఆర్నెట్ అనే కళాఖండాల సేకర్త అది చూసి వెతుక్కుంటూ వచ్చాడు. కిందటి వారమే కొన్ని తగలబెట్టేశాను, అదీ పోయిందేమో అందావిడ! మర్నాడు బీరువాలూ మంచాల కిందా వెతికితే దొరికింది. ఊరికే తీసుకెళ్లమంది. ఆయన మాత్రం దానికీ, మరికొన్నింటికీ కలిపి కొన్ని వేల డాలర్లకు చెక్కు రాసిచ్చాడు.

2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ వెంటనే న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ప్రదర్శనలు జరిగాయి. పత్రికల్లో విమర్శకులు మటీస్, పాల్ క్లీ లాంటి చిత్రకారులతో పోల్చారు. కుట్టినవాళ్లు స్వయంగా వెళ్లి, తమ అమ్మల బొంతలు తెల్లటి గోడల మీద దీపాల వెలుగులో వేలాడుతుంటే చూసుకున్నారు. వాటిలో కొన్ని ఒకప్పుడు నేలమీద పరిచినవి, గాలి రాకుండా తలుపు సందుల్లో కుక్కినవి. సూది పక్కనపెట్టేసిన కొందరు ఆ తర్వాత మళ్లీ పట్టుకున్నారు. 2003లో సొంతంగా ఓ సంఘం పెట్టుకున్నారు. 2006లో 10 బొంతలు తపాలా బిళ్లలయ్యాయి. లొరెట్టావీ మేరీ లీవీ వాటిలో ఉన్నాయి. అదే ఏడాది, 44 ఏళ్ల తర్వాత, ఫెర్రీ మళ్లీ నడిచింది. ఆనీ మే, లొరెట్టా సహా కొందరు తమకు రావాల్సిన వాటా రాలేదంటూ 2007లో కోర్టుకు కూడా వెళ్లారు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. పేరొచ్చిన చోట లెక్కల గొడవ రాకుండా ఉంటుందా!

2015లో మేరీ లీ, లొరెట్టా, లూసీ మింగోలకు అమెరికా ప్రభుత్వ సంస్థ జానపద కళాకారులకిచ్చే అత్యున్నత గౌరవం దక్కింది. నాయనమ్మ మాటను కొట్టిపారేసిన పిల్లకు, ఆ విద్యకే!

2022 అక్టోబరు నుంచి ఊళ్లో ఏటా బొంతల పండగ చేస్తున్నారు. వరండాల మీద, తీగల మీద, కంచెల మీద బొంతలు ఆరేస్తారు. బయటి ఊళ్లవాళ్లు వచ్చి చూస్తారు, కొంటారు. నేర్చుకుందామని వచ్చేవాళ్లకు ఊరి ఆడవాళ్లు దగ్గర కూర్చుని చూపిస్తారు.

మన ఇంట్లో హౌస్‌టాప్

అంతదూరం వెళ్లక్కర్లేకుండా మొదలుపెట్టాలంటే కావాల్సినవన్నీ ఇంట్లోనే ఉన్నాయి. పాత నూలు చీరలు, చొక్కాలు, పిల్లల యూనిఫామ్ ప్యాంట్లు. రంగు దిగే గుడ్డయితే ముందే ఒకటికి రెండుసార్లు ఉతికేయాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే పక్క ముక్కను పాడుచేస్తుంది. మరీ చివికిన చీర పైపొరకు పనికిరాదు, లోపల పొరగా పెట్టుకోవచ్చు.

నాలుగు అంగుళాల చతురస్రం ఒకటి కత్తిరించుకోవాలి. రెండంగుళాల వెడల్పు పీలికలు సిద్ధం చేసుకోవాలి. మొదటి పీలికను చతురస్రానికి ఒక వైపు, మంచివైపులు ఎదురెదురుగా ఉండేలా పెట్టి, అంచు నుంచి పావు అంగుళం వదిలి కుట్టాలి. విప్పి గోటితో గట్టిగా నొక్కితే చాలు, ఇస్త్రీ లేకపోయినా ఫర్వాలేదు. తర్వాత రెండో వైపు, మూడో వైపు, నాలుగో వైపు... అలా తిరుగుతూ పోవడమే. పీలిక చాలకపోతే ఇంకోటి కలపండి. జీస్ బెండ్‌లో ఎవరూ ఏమీ అనలేదు, ఇక్కడా ఎవరూ అనరు.

పైపొర కావాల్సినంత పెద్దదయ్యాక, అడుగున ఓ పాత చీర, మధ్యలో మడతపెట్టిన ఇంకో చీరో రెండో పరిచి, మధ్య నుంచి అంచుల వైపు దూరం దూరంగా వదులు కుట్లు వేసుకోవాలి. పొరలు జారకుండా ఉండటానికే ఇది, తర్వాత ఆ దారాలు లాగేయొచ్చు. అసలు కుట్టు కూడా మధ్యలోంచే మొదలుపెట్టాలి. అంచు నుంచి మొదలుపెడితే ముడతలన్నీ నడిమధ్యకు వచ్చి కూర్చుంటాయి.

పసిపిల్లల బొంతయితే ఒక్కరే వారం పది రోజుల్లో కుట్టేయొచ్చు. డబుల్‌కాట్ మంచానికి సరిపడేదైతే మాత్రం ఒక్క చెయ్యి మధ్యదాకా అందదు. మధ్యాహ్నం టీవీ సీరియల్ అయ్యాక పక్కింటి పిన్నిగారినీ, ఎదురింటి అక్కయ్యనూ పిలిచి, సూదుల్లో దారం ఎక్కించే పని పిల్లలకు అప్పగించాల్సిందే!